మెడ నల్లగా కనిపిస్తోందని వచ్చిన కేసు

సాయంత్రం ఆరున్నరకి ఆవిడ రెండు కవర్లతో వచ్చారు. ఒకదాంట్లో గౌను, రెండోదాంట్లో పెట్టెతో సహా నెక్లెస్. కుర్చీలో కూర్చోకముందే విషయం చెప్పేశారు: "ఇది వేసుకుంటే మెడ నల్లగా కనిపిస్తోందండీ. నా రంగుకి ఏది నప్పుతుందో చూసి చెప్పండి."

నలభై దాటిన మనిషి, చామనఛాయ. ఇంకో 24 రోజుల్లో వేదిక మీద అరగంట మాట్లాడాలి. ఫొటోలు, వీడియో అన్నీ ఉంటాయి. గౌను ముదురు ఆకుపచ్చ పట్టుది, బోట్ నెక్. మెడ అంచు పొడవునా వేలెడు వెడల్పున బంగారు రంగు దారంతో కుట్టుపని. నెక్లెస్ తెల్ల లోహంలో తెల్ల రాళ్ళు పొదిగినది, 17 అంగుళాలు. ఫోన్‌లో ఒక యాప్ ఆవిడ ఫొటో చూసి "టైప్ 5, కూల్ అండర్‌టోన్, వెండి రంగు వాడండి" అందట. అండర్‌టోన్ అంటే చర్మం అడుగున కనిపించే ఛాయ: నీలం వైపుంటే కూల్, పసుపు వైపుంటే వార్మ్, ఎటూ మొగ్గకపోతే న్యూట్రల్ అంటారు. యాప్ మాట నమ్మి ఆ నెక్లెస్ కొన్నారు.

నగకీ దుస్తులకీ జత కుదర్చడం నా వృత్తి. ఈ కేసులో నేను మొదటి గంటలోనే రెండు తప్పులు చేశాను. అందుకే దీన్ని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

మొదటి రోజు

యాప్ మాట పక్కన పెట్టడంలో మాత్రం తప్పు చేయలేదు. ఆ "టైప్" అనేది ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే చర్మ వైద్యుడు 1975లో మొదలుపెట్టిన కొలత. ఎండ తగిలితే చర్మం కందుతుందా, నల్లబడుతుందా అని చూసి, అతినీలలోహిత కిరణాల చికిత్సలో ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చుకోవడానికి పుట్టింది. నగల ఎంపికకి అది ఎందుకు పనికొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మణికట్టు నరాల పరీక్షా అంతే. నీలంగా ఉంటే కూల్, పచ్చగా ఉంటే వార్మ్ అంటారు. నరం ఎంత లోతులో ఉంది, గదిలో ఏ వెలుగు ఉంది అన్నదాన్ని బట్టి అదే నరం రెండు రకాలుగానూ కనిపిస్తుంది. చామనఛాయ మీద, అంతకన్నా ముదురు రంగు మీద అసలు నరమే సరిగ్గా కనపడదు. పైగా మనం నగ వేసుకునేది మణికట్టుకి కాదు.

నేను చూసేది మెడ ఎముకల కింద, ఎండ పెద్దగా తగలని చోట. ఒక పక్క బంగారు రంగు రేకు, ఇంకో పక్క వెండి రంగు రేకు ఆనించి పెట్టి, చర్మం ఎటు పక్క తేటగా ఉందో గమనిస్తాను. బంగారు రంగు పక్కన తేటగా ఉంది. వెండి పక్కన బూడిద పూసినట్టు ఉంది. "వార్మ్" అని రాసుకున్నాను.

మా అద్దం చుట్టూ ఉన్న బల్బులు 2700 కెల్విన్‌వి. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు. మధ్యాహ్నపు పగటి వెలుగు 5500 పైనే ఉంటుంది. పసుపు బల్బుల కింద ఎవర్ని కూర్చోబెట్టినా ఫలితం వార్మ్ వైపే మొగ్గుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఆ రోజుకి ఆవిడే ఆఖరు, బయట చీకటి పడింది, "పగటిపూట రండి" అని తిప్పి పంపడానికి మొహమాటపడ్డాను.

ఆవిడ మెడలో ఒక సన్న గొలుసు ఉంది. పొడవుగా, సగానికి పైగా బట్టల లోపలే ఉండేది. కొలతకి అడ్డమొస్తోందని తీసేయమన్నాను. తీసి పర్సులో వేసుకున్నారు.

తర్వాత నా ట్రేలోంచి బంగారు పూత ఉన్న చోకర్ ఒకటి ఇచ్చి, ఇంట్లో గౌను మీద రెండు మూడు గంటలు వేసుకుని చూడమన్నాను. చర్మం రంగు గురించి అంతసేపు మాట్లాడాను గానీ, ఏదైనా పడదా అని మాత్రం ఒక్క మాట అడగలేదు.

నాలుగో రోజు

ఉదయాన్నే ఆవిడ దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. మెడ వెనక, జుట్టు మొదట్లో, రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కంది చిన్న చిన్న పొక్కులు. చెవుల కింద రెండు పక్కలా సన్నటి ఎర్ర గీత. గొంతు ముందు భాగం మాత్రం శుభ్రంగా ఉంది. చోకర్ వేసుకున్నది రెండో రోజు సాయంత్రం, మూడు గంటలు. అప్పుడు ఏమీ లేదట. దురద మొదలైంది మర్నాడు సాయంత్రం.

ఆ ఆలస్యమే గుర్తు. పూత నగల్లో తరచు ఉండే నికెల్ అనే లోహం పడనివాళ్ళకి దద్దు వెంటనే రాదు. సాధారణంగా 12 గంటల నుంచి 72 గంటల లోపు వస్తుంది. అందుకే చాలామంది నగని అనుమానించరు. ఆ రోజు రాసుకున్న క్రీమునో, కొత్త సబ్బునో అనుమానిస్తారు.

ఫోన్ చేసి అప్పుడు అడిగాను, ముందే అడగాల్సిన ప్రశ్నలు. చిన్నప్పుడు ఉత్తుత్తి కమ్మలు పెట్టుకుంటే చెవులు చీము పట్టేవా? పట్టేవి. గడియారం బకిల్ కింద దురద? ఎండాకాలంలో ఉండేది, అందుకే తోలు పట్టీకి మారిపోయారు. జీన్స్ గుండీ తగిలే చోట, బొడ్డు కింద మచ్చ? కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది కూడా దీనివల్లేనా?" అన్నారు.

మందు చెప్పడం నా పని కాదు కాబట్టి చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళమన్నాను. కందినది తగ్గాక వాళ్ళు ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద చిన్న పట్టీలు అంటించి, 48 గంటల తర్వాత తీసి చూసి, ఒకట్రెండు రోజులు ఆగి మళ్ళీ చూస్తారు. నికెల్ ఉన్న పట్టీ కింద దద్దు స్పష్టంగా వచ్చింది.

ఈలోగా చోకర్ తిరిగి తెప్పించుకుని నా బల్ల మీద పరీక్షించాను. దీనికి ఒక ద్రావణం దొరుకుతుంది, డైమిథైల్‌గ్లయాక్సిమ్ అని. దూది పుల్ల మీద రెండు చుక్కలు వేసి లోహం మీద అర నిమిషం రుద్దాలి. నికెల్ వెలువడుతుంటే దూది పింక్ రంగులోకి తిరుగుతుంది. చోకర్ ముందు పట్టీ మీద రుద్దాను, దూది తెల్లగానే ఉంది. వెనక లింకుల మీద రుద్దితే లేత పింక్. కొక్కెం మీద రుద్దగానే ముదురు పింక్. ఆవిడ మెడ మీది దద్దుకీ దూది పుల్లలకీ అచ్చంగా ఒకే పటం. కొక్కెం దగ్గర పొక్కులు, లింకుల దగ్గర గీత, ముందు ఏమీ లేదు.

అది ఎందుకంటే, ఇత్తడి లేదా రాగి మీద నేరుగా బంగారు పూత వేస్తే కొన్నాళ్ళకి కింది రాగి పైకి పాకి రంగు మాడిపోతుంది. దాన్ని ఆపడానికి మధ్యలో నికెల్ పొర వేస్తారు. పైనున్న బంగారం చాలా నగల్లో ఒక మైక్రాన్ కూడా ఉండదు. పెట్టి తీసి, పెట్టి తీసి ముందు అరిగేది కొక్కెమే. అరిగిన చోట చెమట చేరుతుంది, చెమటలోని ఉప్పు నికెల్‌ని కరిగిస్తుంది. చర్మానికి ఎక్కువసేపు ఆనుకుని ఉండే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముకి మించి నికెల్ వెలువడకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది ఇలాంటివాళ్ళ కోసమే. కొక్కేనికి రంగులేని గోళ్ళ పాలిష్ పూస్తే చాలని చెప్పేవాళ్ళున్నారు. నాలుగుసార్లు వేసుకునేసరికి అదీ అరుగుతుంది. అన్నట్టు, కొందరికి మెడ చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది, అది వేరు. రాగి చెమటతో కలిసి వదిలే రంగు. కడిగితే పోతుంది, దురద ఉండదు.

ఆవిడ కొన్న తెల్ల రాళ్ళ నెక్లెస్‌నీ ఆ పుల్లతో రుద్దాను. ముందూ వెనకా అంతా పింకే. ఆవిడ దాన్ని కొన్నచోటే తిరిగి ఇచ్చేశారు.

కిటికీ పక్కన

పదకొండో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మన్నాను. బల్బులన్నీ ఆర్పేసి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన కుర్చీ వేశాను. గౌను వేసుకోకముందు భుజాల మీద తెల్ల గుడ్డ కప్పి మళ్ళీ రేకులు పెట్టాను. బంగారం, వెండి, మళ్ళీ బంగారం. తేడా లేదు. ఆవిడది న్యూట్రల్. రెండు లోహాలూ సరిపోతాయి. మొదటి రోజు నా పుస్తకంలో రాసుకున్న "వార్మ్" బల్బులు చెప్పిన మాట.

మరి మెడ ఎందుకు నల్లగా కనిపించింది? తెల్ల రాళ్ళ నెక్లెస్ ఫొటోలు ఆవిడ ఫోన్‌లో ఉన్నాయి, అవి తెరిచి చూశాం. గౌను ముదురు రంగు, జుట్టు నలుపు, చర్మం మధ్యరకం. ఆ ఫొటోలో అన్నిటికన్నా తెల్లనివి, మెరిసేవి ఆ రాళ్ళు. తెల్లటి దాని పక్కనున్నది ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. మెడ మారలేదు, పక్కన పెట్టిన వస్తువు మారింది.

ఈ సంగతిని పద్ధతిగా తేల్చినవాడు ఫ్రాన్స్‌లో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబెలాన్ నేత కార్ఖానాలో రంగుల అద్దకం ఆయన చూసేవాడు. నల్ల దారం సరిగ్గా నల్లగా రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన అద్దకం అంతా వెతికాడు, లోపం దొరకలేదు. దారం నల్లగానే ఉంది. దాన్ని నీలం, ఊదా రంగుల పక్కన నేస్తున్నారు, అందుకని తేలిపోతోంది. అక్కడినుంచి లాగి, పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో ప్రచురించాడు. ప్రతి రంగూ తన పక్కనున్నదాని మీదికి తన ఎదురు రంగుని తోస్తుందన్నది అందులో ముఖ్యమైన మాట.

ఆకుపచ్చకి ఎదురు రంగు ఎరుపు. కాబట్టి ఆ గౌను ఆవిడ చర్మానికి కాస్త ఎర్రదనం ఇస్తుంది. ముఖానికి అది మంచిదే, నిగారింపు వచ్చింది. కానీ మెడ మీద మానుతున్న దద్దు కూడా గౌను వేసుకోగానే ఇంకా ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడింది. తెల్ల గుడ్డ కప్పినప్పుడు అది నా కళ్ళకి ఆనలేదు, ఆకుపచ్చ కప్పగానే ఆనింది. కార్యక్రమం నాటికి మానుతుందని డాక్టరు చెప్పారు గానీ ఆవిడకి టెన్షన్ పట్టుకుంది.

"రంగు తక్కువవాళ్ళు తెల్ల రాళ్ళు వేసుకోకూడదన్నమాట" అన్నారు ఆవిడ. ఆ మాట నాకు అస్సలు నచ్చదు, అలాగే చెప్పాను. తెల్ల దుస్తుల మీద అవే రాళ్ళు వేసుకుంటే, తెలుపు అప్పటికే ఫొటోలో పరుచుకుని ఉంటుంది కాబట్టి రాళ్ళు ఒంటరిగా నిలబడవు. అప్పుడు ముదురు చర్మం మీద వాటంత అందమైనవి లేవు. ఇక్కడ చిక్కల్లా ఆ గౌనుతోనే.

రంగు కన్నా ముందు అంగుళాలు

ఇంకో చిక్కు ఆ ఫొటోల్లోనే ఉంది, ఆవిడ దాని గురించి అడగలేదు. 17 అంగుళాల నెక్లెస్ వచ్చి సరిగ్గా గౌను మెడ అంచు మీద, కుట్టుపని మీద కూర్చుంది. సగం రాళ్ళు చర్మం మీద, సగం దారం మీద. రాయి ఏదో కుట్టు ఏదో తెలియలేదు. లోహం ఏ రంగుదైనా ఆ పొడవు ఆ గౌనుకి పనికిరాదు.

నగల వ్యాపారంలో పొడవులకి పేర్లున్నాయి. 14 నుంచి 16 అంగుళాలు చోకర్, 17 నుంచి 19 ప్రిన్సెస్, 20 నుంచి 24 మాటినీ, 28 నుంచి 36 ఒపేరా. కానీ ఈ అంకెలు పెట్టె మీద ఉన్నంత ఖచ్చితంగా మెడ మీద ఉండవు. మెడ మొదట్లో దారం చుట్టి కొలిస్తే ఆవిడది 14.5 అంగుళాలు. ఆవిడకి 14 అంగుళాల చోకర్ పట్టనే పట్టదు, 16 హాయిగా గొంతు గుంట దగ్గర కూర్చుంటుంది. పన్నెండున్నర అంగుళాల మెడ ఉన్నవాళ్ళకి అదే 16 ఇంకా కిందికి జారుతుంది. కొనేముందు దారం ముక్క ఒకటి మెడలో వేసుకుని, అద్దంలో ఎక్కడికి దిగాలో అక్కడ గుర్తు పెట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి చూస్తే చాలు.

బోట్ నెక్ అంచు మెడ ఎముకల మీదుగా అడ్డంగా పోతుంది. దానికి రెండే దారులు. అంచుకి పైన, చర్మం మీద ఆగే పొట్టి నగ. లేదా అంచు దాటి బాగా కిందికి, గుడ్డ మీద పడే పొడవాటి నగ. మధ్యలో ఏదీ కుదరదు. వి ఆకారం మెడ అయితే ఆవిడకి ఆ 17 అంగుళాలే చక్కగా సరిపోయేవి.

రెండో దారిలో ఒక సుఖం ఉంది. గుడ్డ మీద పడే నగకి పక్కన ఉండేది గుడ్డే. అప్పుడు వార్మా కూలా అన్న ప్రశ్నే రాదు, గౌను రంగుకి కుదిరితే చాలు. అందుకని నేను 30 అంగుళాల పూసల దండ ఎంచాను. మెరుపు లేని, పాత బంగారం రంగు గాజు పూసలు, పట్టు దారానికి గుచ్చినవి. తల మీదుగా వేసుకునేంత పొడవు కాబట్టి కొక్కెం అక్కర్లేదు. లోహం అన్నది లేదు, నికెల్ బాధ లేదు. ముత్యాలు కూడా ఆలోచించాను గానీ మళ్ళీ తెలుపే అవుతుంది. పైగా ముత్యం మెత్తనిది, చెమటా సెంటూ తగిలితే పైమెరుపు పోతుంది. మాట్లాడేటప్పుడు తనకి మెడ తడిసిపోతుందని ఆవిడే చెప్పారు.

దండ ఆకుపచ్చ మీద బాగా కుదిరింది. చాలా సంతోషపడ్డాం ఇద్దరం.

రిహార్సల్

ఇరవై ఒకటో రోజు రాత్రి ఆవిడ రిహార్సల్ రికార్డింగ్ పంపారు. మాటకీ మాటకీ మధ్య టక్, టక్, టక్. మొదట ఎవరో పెన్నుతో బల్ల కొడుతున్నారనుకున్నాను. గౌను మెడ అంచు మధ్యలో చిన్న మైక్ బిగించారు. ఆవిడ చెయ్యి ఊపినప్పుడల్లా, కాగితం చూడ్డానికి వంగినప్పుడల్లా పూసలు ఊగి మైక్‌కి తగులుతున్నాయి. బోట్ నెక్‌కి కాలర్ ఉండదు కాబట్టి మైక్ పక్కకి జరపడానికీ చోటు లేదు. వేదిక మీద మాట్లాడతారని మొదటి రోజే చెప్పారు. మైక్ ఎక్కడ పెడతారని అడగాలని నాకు తోచలేదు.

మూడు రోజులే ఉంది. మిగిలింది మొదటి దారి, పొట్టి నగ, అదీ చర్మానికి పడేది. నా ట్రేలో ఉన్నవన్నీ పుల్లతో రుద్దుకుంటూ కూర్చున్నాను. మర్నాడు ఆవిడ వచ్చినప్పుడు మెడలో మళ్ళీ ఆ సన్న గొలుసు ఉంది.

"ఇది ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారు?" అన్నాను.

"పద్దెనిమిదేళ్ళు. స్నానానికి కూడా తీయను. మీ దగ్గరే తీశాను."

22 క్యారట్లది. అంటే 91.6 శాతం బంగారం, మిగతాది మామూలుగా రాగి, వెండి. పుల్లతో రుద్దాను, దూది తెల్లగానే ఉంది. ఆ పరీక్ష కన్నా ఆ పద్దెనిమిదేళ్ళే పెద్ద సాక్ష్యం. కొలిస్తే 32 అంగుళాలు. మెడకి రెండు చుట్లు తిప్పితే ఒక్కో చుట్టు 16. గొంతు గుంట దగ్గర రెండు వరసలుగా కూర్చుంది, ఊగలేదు.

సన్న గొలుసు దూరానికి కనపడదు కాబట్టి, రెండు వరసల్నీ కలుపుతూ చిటికెన వేలి గోరంత గార్నెట్ లాకెట్టు ఒకటి వేశాను. ముదురు ఎరుపు రాయి, చుట్టూ బంగారం గట్టు. దాన్నీ రుద్ది చూశాకే. ఆకుపచ్చ పక్కన ఆ ఎరుపు నిప్పుకణికలా ఉంది. లాకెట్టుకీ గౌను అంచుకీ మధ్య వేలెడు ఖాళీ. మైక్ స్థానంలో బట్టల క్లిప్పు ఒకటి పెట్టి, ముందుకి వంగమన్నాను, చేతులు ఊపమన్నాను. తగల్లేదు.

కార్యక్రమం బాగా జరిగింది. దద్దు మానింది, మెడ వెనక కాస్త నల్ల మచ్చ మిగిలితే జుట్టు కప్పేసింది. వీడియోలో టక్‌టక్‌లు లేవు. వారం తర్వాత ఫొటోలు పంపారు. మెడ నల్లగా ఉందన్న మాట రాలేదు గానీ ఇంకో మాట రాశారు: "రాయి నల్లగా వచ్చిందండీ. గొంతు దగ్గర కోటు గుండీ పెట్టుకున్నట్టుంది."

నిజమే. వేదిక మీద నీలం కలిసిన తెల్ల ఎల్ఈడీ లైట్లు. ముదురు గార్నెట్‌కి ఎరుపు ఉన్న వెలుగు కావాలి. నా పసుపు బల్బుల కింద నిప్పుకణికలా ఉన్న రాయి ఆ లైట్ల కింద ఆరిపోయింది. హడావిడిలో దాన్ని నేను చూసింది మళ్ళీ సాయంత్రమే, మళ్ళీ ఆ అద్దం ముందే.